దొరసాని ఎనిమిది మంది పిల్లలు

నా చిన్నప్పుడు ఆ ఇంగ్లీషు దొరసాని కబురు మా ఇంటికి మొదట మోసుకొచ్చింది పక్కింటి ఆంటీ. అమెరికాలో పిస్కాటవే అనే ఊళ్ళో మా అపార్ట్‌మెంటూ వాళ్ళదీ పక్కపక్కనే. ఆంటీ లైబ్రరీలో పనిచేసేది. అక్కడ పాతబడి తీసేస్తున్న పుస్తకాల్లోంచి లావుపాటిదొకటి తెచ్చి మా అమ్మ చేతిలో పెట్టింది. రెండొందల ఏళ్ళ కిందటి ఒక కౌంటెస్, ఆమె కుటుంబం కథ అది. నాకు ఉబ్బసం కావడంతో అమ్మే ఇంట్లో చదువు చెప్పేది. ఆ చలికాలమంతా దొరసానే నా చరిత్ర పాఠం.

ఆంటీ పని నుంచి వస్తూ మా గుమ్మంలో ఆగి, "ఏమ్మా పంతులమ్మా, మీ దొరసాని ఇవాళేం చేసింది?" అని నన్ను ఆటపట్టించేది. పొద్దున్నే పనివాళ్ళందర్నీ కూర్చోబెట్టి ప్రార్థన చేయిస్తుందనీ, జుట్టుకి తెల్లటి పిండి చల్లుకుంటుందనీ చెప్పేదాన్ని. పిండంతా నెత్తికే పోతే మరి పూరీలు దేంతో చేస్తారే అనేది ఆంటీ.

సండే స్కూల్లో చూపించడానికి దొరసాని వంశవృక్షం గీయమంది అమ్మ. ఆమెకి ఎనిమిది కాన్పులు. బతికింది నలుగురే. చార్టు మీద ఎనిమిది గళ్ళు పట్టవని అమ్మతో చెప్పాను. అది అబద్ధం. పడతాయి, కానీ అందంగా రావు. అందుకని నలుగుర్నే వేశాను. ఆంటీ చూసి, మిగతావాళ్ళేరీ అని అడిగింది.

"వాళ్ళు చిన్నప్పుడే పోయారుగా ఆంటీ. లెక్కలోకి రారు" అన్నాను.

పొయ్యి దగ్గర అమ్మ చేతిలో గరిటె ఆగింది. ఆంటీ మాత్రం చార్టు బాగుందని చెప్పి, నా తల నిమిరి వెళ్ళిపోయింది.

మర్నాడు శనివారం. ఆంటీ రెండు తెలుగు బైబిళ్ళు పట్టుకొచ్చింది. ఒకటి అట్ట ఊడిన పాతది, రెండోది ఇండియా నుంచి తెప్పించుకున్న కొత్తది. పాత నిబంధనకీ కొత్త నిబంధనకీ మధ్య ఉండే ఖాళీ పేజీల్లో ఇంట్లో పుట్టినవాళ్ళ పేర్లు రాసుకోవడం మావాళ్ళ అలవాటు. నా చేతిరాత బాగుంటుందనీ, ఆ పేర్లు కొత్త బైబిల్లోకి ఎక్కించి పెట్టమనీ అడిగింది.

ఆంటీకి ఒక్కడే కొడుకని నాకు తెలుసు. పేజీలో మూడు పేర్లున్నాయి. మొదటి ఇద్దరూ ఆడపిల్లలు. రెండో పాప పదకొండు నెలలు బతికింది. పెద్దపాప పేరు కింద రెండు తేదీలు, ఆ రెండింటికీ ఒక్క రోజే తేడా. నా పెన్ను కదల్లేదు.

ఆంటీ ఎదురుగా కూర్చుని అమ్మకి సాయంగా బీన్స్ ఈనెలు తీస్తోంది. తలెత్తకుండానే అంది: "తొందరేం లేదమ్మా, నిదానంగా రాయి. పెద్దదాని పేరు ఇన్నాళ్ళూ నేను తప్ప ఎవ్వరూ రాయలేదు."

రాశాను. ఆ సాయంత్రమే చార్టు కింద ఇంకో కాగితం అతికించి, మిగతా నలుగుర్నీ వేశాను. ఒక బిడ్డకి పుస్తకంలో పేరే లేదు. 'ఒక పాప' అని రాశాను. ఆదివారం చర్చిలో ఆంటీ ఆ నాలుగు గళ్ళనీ వేలితో ఒక్కొక్కటే తాకింది. క్షమించమని అడగాల్సింది అప్పుడే. కాగితం అతికించానుగా, అదే చాలనుకున్నాను.

ఆ తర్వాతి ఏడు వాళ్ళు క్యారీ అనే దూరపు ఊరికి మారిపోయారు. ఏటా క్రిస్మస్ కార్డులో చలి గురించీ, చదువు గురించీ రాసేదాన్ని. ఆ ఒక్క మాటా రాయలేదు. చివరికి ఆంటీ పోయిందన్న ఫోనే వచ్చింది. అంత మెల్లగా నేర్పే మనిషిని నా బాల్యంలో ఉంచినందుకు దేవునికి స్తోత్రం చెల్లిస్తూనే ఉంటాను. చెల్లించిన ప్రతిసారీ 'లెక్కలోకి రారు' అన్న నా మాట నాకే వినబడుతుంది.

ఇప్పటికీ ఎవర్నైనా పిల్లలెంతమందని అడిగితే, వాళ్ళు జవాబు చెప్పాక కూడా కాసేపు ఆగుతాను. కొందరు అప్పుడే ఇంకో పేరు చెబుతారు.

ఆంటీని మీరు ఎరగరు. పరవాలేదు. ఒక్క రోజే బతికిన ఆమె పెద్దపాపని మాత్రం ఈ పూట ఒక్కసారి తలుచుకోండి.