ఎడమవైపు సీటు

దయ్యాలంటే నాకు నవ్వే. ఇప్పటికీ నమ్మనని గట్టిగానే చెప్తాను. ఈ ఒక్క సంగతి మాత్రం ఎవరైనా విడమరిచి చెప్తే బాగుండుననిపిస్తుంది.

ఎనభైల మొదట్లో తమిళనాడు ధర్మపురిలో, సేలం రోడ్డు మీద మా నాయనకు కుషన్ షెడ్డు ఉండేది. బస్సులకు, లారీలకు సీట్లు కుట్టేవాళ్లం. నాయనకు చేతులు వణకడం మొదలయ్యాక కత్తీ సూదీ నావే అయ్యాయి. ఆడపిల్ల కుట్టిందంటే గిరాకీ పోతుందని ఆ మాట బయటికి చెప్పేవాడు కాదు.

ఒకసారి బెంగళూరు నుంచి ఒక తెలుగు పెద్దమనిషి పాత ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు తెచ్చాడు. రెండే సీట్లు, పైకప్పు లేదు. ఒకప్పుడు వాళ్ల ఇంట్లోనే ఉండి, తర్వాత అమ్మేసిన కారే, ఎక్కడెక్కడో వెతికి తిరిగి కొన్నాడట. ఇంజను, రంగు అన్నీ పాత తీరులోనే చేయించాడు. సీట్లను మాత్రం ఎలుకలు కొట్టేశాయి. ఇలాంటి కార్లంటే పడిచచ్చే స్నేహితులు ఆయనకు చాలామంది. ఈ పని నచ్చితే వాళ్ల కార్లూ మాకే వస్తాయి. అప్పుడు కుట్టింది నువ్వేనని అందరికీ చెప్తానని నాయన నాకు మాటిచ్చాడు.

కొత్త తోలు, కొత్త కొబ్బరిపీచు. బల్ల మీద రెండు సీట్లూ చక్కగా ఉన్నాయి. కారులో బిగించిన మర్నాడు ఎడమది కుంగిపోయింది. విప్పి, పీచు మార్చి మళ్లీ కుట్టాను. మళ్లీ కుంగింది. డ్రైవరు సీటుకు వాడిందీ ఆ పీచే, అది చెక్కుచెదరలేదు.

పిల్లి పడుకుంటోందేమోనని సుద్ద పొడిచేసి సీటంతా చల్లాను. షెడ్డు తాళం నా దగ్గరే ఉంది. పొద్దున చూస్తే పొడి మీద ఒక్క గీత లేదు. గుంట మాత్రం పడింది.

"విడిచిపెట్టు పాపా, బెంగళూరికే పంపిస్తాం," అన్నాడు నాయన.

నాకు ఒళ్లు మండింది. ఇది పోతే ఇక బతుకంతా పేరులేకుండా బస్సు సీట్లే. "నేనే ముగిస్తాను నాయనా," అన్నాను.

ఆ రోజు గుంటను చేత్తో తడిమి కొలత తీసుకున్నాను. కాళ్లు కిందికి పెట్టుకుని కూర్చుంటే అలా పడదు. ముందువైపు రెండు అంచుల్లో మోకాళ్ల జాడ ఉంది. మా అవ్వ బస్సెక్కినా సీటు మీద మఠం వేసుకుని కూర్చునేది. అచ్చం అలాగే ఉంది. సరే, నీకెలా కావాలో అలాగే కుడతాను, కూర్చో అనుకుని ఆ కొలతకే పీచు కోశాను. తర్వాత అది కుంగలేదు.

కారు కోసం ఆ పెద్దమనిషి వచ్చి ఎడమ సీటు మీద చెయ్యి పెట్టి చాలాసేపు తియ్యలేదు.

"ఎవరు కుట్టినారు?"

"నా కూతురు సార్," అన్నాడు నాయన. ఆ మాట కోసం ఎన్నాళ్లు చూశానో నాకే తెలుసు.

ఆయన నావైపు తిరిగాడు. "మా అమ్మ పోయి చానా ఏండ్లాయె. ఆమె కూర్చునే తీరు నువ్వు యాడ చూసినావమ్మా?"

"చూడలేదు సార్."

 ఆయన కారెక్కి ఇంజను స్టార్టు చేశాడు. ఎడమ తలుపు తెరిచే ఉంటే వెయ్యబోయాను.

"మెల్లగా," అన్నాడు. "కొంగు ఇరుక్కుంటాది."

నేను వంగి, ఏమీ లేనిచోట ఏదో లోపలికి సర్ది, అప్పుడు తలుపు వేశాను. సీటు ఎందుకు కుంగిందో నాకు తెలియదు. నా చెయ్యి ఎందుకు సర్దిందో అసలే తెలియదు.