సంతకం పడని జవాబు

మొన్న మా అంగట్లోకి పెళ్ళి బట్టల సరుకు కొనడానికి చింతామణికి పోయినప్పుడు, బస్టాండు వెనక వీధిలో ఒక మందుల షాపు మేడ మీద కొత్త బోర్డు కనబడింది. ఉర్దూలోనూ కన్నడలోనూ రాసి ఉంది. ఉర్దూ నాకు రాదు. కన్నడలో మాత్రం మా వీధి అబ్బాయి పేరు, పేరుకు ముందు ‘ముఫ్తి’ అన్న మాట, కింద మనుషుల్ని చూసే వేళలు ఉన్నాయి. పళ్ళ డాక్టరు దగ్గర మాదిరి జనం మెట్ల మీద వరసగా కూర్చుని ఉన్నారు. పైకి పోయి పలకరిద్దామనుకున్నాను గాని, సందేహం లేనిదాన్ని సందేహాలున్నవాళ్ళ వరసలో దూరడమెందుకని కిందినుంచే చూసి వచ్చేశాను. బస్సులో కూర్చున్నాక, వాడు ఆ మాట సంపాదించుకున్న విధమంతా గుర్తుకొచ్చింది.

మా వీధి అంటే బాగేపల్లిలో. మాది బట్టల అంగడి. మూడు అంగళ్ళ అవతల వాడి నాయన వెల్డింగ్ షాపు. వాడు మౌల్వీ చదువు ముగించుకుని వచ్చినప్పుడు వీధంతా మిఠాయి తిన్నాం. తిన్న తీపి నోట్లో ఉండగానే, ముఫ్తి చదువుకని మళ్ళీ బెంగళూరుకు పెట్టె సర్దుకున్నాడు. ఇదేం చదువయ్యా అని నేనడిగితే వెల్డింగాయన అద్దాలు నెత్తి మీదికి తోసుకుని, "డాక్టరు చదివినాక ఇంగా పెద్ద డాక్టరుకి చదువుతారు గదమ్మా, అట్లాంటిది. అది అయ్యేలోపల నేను ముసిలోడయిపోతా" అన్నాడు. అప్పటికే ఆయన గడ్డంలో నల్ల వెంట్రుక వెతకాలి. కొడుకు గేట్లూ గ్రిల్లులూ చేస్తాడని ఆశపడ్డ మనిషి పాపం.

సెలవులకు వచ్చినప్పుడల్లా వాడు మా అంగట్లో కూర్చుని ఆ చదువు సంగతులు చెప్పేవాడు. జనం పెళ్ళిళ్ళ గురించి, ఆస్తుల గురించి, వ్యాపారం గురించి, నమాజు గురించి సందేహాలు రాసి పంపుతారట. చదివేవాళ్ళు పాత గ్రంథాలన్నీ తిరగేసి, ఏ మాట ఎక్కడ దొరికిందో చూపిస్తూ జవాబు రాయాలట. దాన్ని గురువు చూసి, దిద్ది, సంతకం పెట్టాకే అది ఫత్వా అవుతుంది. సంతకం పడని జవాబు ఆ గది గడప దాటకూడదు. బావిలో ఎలుక పడితే ఎన్ని చేదలు తోడెయ్యాలి, పిల్లి పడితే ఎన్ని అని పెద్ద అధ్యాయమే ఉందంటే నాకు నవ్వాగలేదు. బోరు ఎంత లోతు దించినా దుమ్ము తప్ప రాని మా తాలూకాలో, పిల్లి పడేంత నీళ్ళు ఎక్కడైనా ఉంటే ముందు నాకు చెప్పమన్నాను. వాడి రాతల్లో ఎప్పుడు చూసినా జైద్ అనేవాడొకడు, హిందా అనే ఆడమనిషొకతె. జైద్ ఇల్లు తమ్ముడికి తెలియకుండా అమ్ముతాడు, జైద్ కోపంలో నోరు జారుతాడు, హిందా పుట్టింటికి పోతుంది. "ఎవుడప్పా ఈ జైద్, ఊరి తగాదాలన్నీ వాడివేనా?" అంటే వాడు పడీపడీ నవ్వాడు. అడిగినవాళ్ళ అసలు పేర్లు బయటపడకుండా మగవాళ్ళందరినీ జైద్ అనీ, ఆడవాళ్ళందరినీ హిందా అనీ రాసుకోవడం వాళ్ళ పద్ధతట. నాకది చాలా మర్యాదగా తోచింది.

అట్లాంటి హిందా ఒకతె మా అరుగు మీదే ఉండేది. మా ఎదురింటామె. మా అంగడి అరుగున మిషను వేసుకుని జాకెట్లు కుట్టేది. భర్తది చాకవేలు అనే ఊరు, లారీ డ్రైవరు. టమాటా లోడుతో ఉత్తరాదికి పోయినవాడు తిరిగి రాలేదు. లారీ రోడ్డు పక్కన దొరికింది, మనిషి దొరకలేదు. పోలీసులు రాసుకున్నారు, ఏళ్ళు గడిచాయి. మెడలో నల్లపూసలు ఉంచుకోవాలో తియ్యాలో కూడా ఆమెకు చెప్పేవాళ్ళు లేరు. అట్లుండగా గుడిబండెలో టీ హోటలు నడిపే ఒకాయన, భార్య పోయినవాడు, పెద్దమనుషుల చేత అడిగించాడు. ఆమెకూ ఇష్టమే. దారం కొరుకుతూ, తలెత్తకుండా నాతో చెప్పింది. "ఒంటిగా బతికేది చాతకాక కాదక్కా. బతికింది చాలనిపిస్తాండాది." అయితే మొదటి పెళ్ళి ముగిసిందో లేదో తేలకుండా రెండోది ఎట్లా?

నా నోట్లో నువ్వుగింజ నానదు. ఆ రంజానుకు వాడు ఊరికి రాగానే ఆమె ఎదురుగానే అడిగేశాను, తప్పిపోయిన మనిషి భార్య ఎన్నాళ్ళు కాచుకోవాలని. అప్పటికి వాడి చదువు సగమన్నా కాలేదు. అయినా తెలుసన్న ఉత్సాహం ఆగితేగా. ఒళ్ళో పుస్తకం లేకుండానే గడగడా అప్పజెప్పాడు. "ఆయన ఈడువాళ్ళంతా పొయ్యేవరకూ ఆయన బతికినట్లే లెక్క, పెద్దమ్మా."

మిషను ఆగింది. ఆమె వాడి మొహం చూడకుండా, "మా అన్నది ఆయన ఈడే. అయితే మా అన్న సచ్చేదానికి కాచుకోవల్లనా?" అంది. వాడు లేచి ఇంటికి పోయాడు. పండగ కాగానే బెంగళూరు బస్సెక్కాడు. ఆమె గుడిబండెకు వద్దని కబురు పెట్టింది. నాకు ఒళ్ళు మండిపోయింది, వాడి మీద కొంత, అడిగిన నా మీద కొంత.

వాడికీ అక్కడ నిద్ర పట్టలేదేమో, జైద్, హిందా అని పేర్లు పెట్టి ఆ ప్రశ్ననే రాసి, తన జవాబే కింద రాసి గురువు ముందు పెట్టాడట. ఆయన చదివి, సంతకం పెట్టకుండా, "నువ్వు రాసింది పాత పుస్తకంలో ఉండేది నిజమే. ఆ ఆడమనిషి యాడుండాదో, ఎట్లుండాదో చూసినావా? ఆమెకి కూడు ఎవరు పెడతాండారో అడిగినావా?" అన్నాడట. ఆడవాళ్ళు ఇట్లా నలిగిపోవడం చూసే తర్వాతి పండితులు ఇంకో మతశాఖ తీర్పును తెచ్చుకున్నారనీ, ఖాజీ విచారించి, గడువు పెట్టి, మనిషి ఆచూకీ లేకపోతే పోయినట్టే తేల్చవచ్చుననీ ఆయన చూపించాడు. అప్పుడు వీడు, ఈ జవాబు ముందే గడప దాటిపోయిందని ఒప్పుకున్నాడు. గురువు వాణ్ణి వెంటనే ఊరికి పొమ్మన్నాడట.

వచ్చాడు. తల్లిని వెంటబెట్టుకుని ఆమె గడప ముందు కూర్చుని, "సగమే తెలిసి చెప్పినానమ్మా. అట్ల చెప్పేదానికి నాకు హక్కు లేదు" అన్నాడు. ముఫ్తి దారి చెప్పేవాడే గాని తీర్పరి కాదని, తీర్పు ఖాజీదని వివరించాడు. తర్వాత సెలవు దొరికినప్పుడల్లా చాకవేలుకు పోయి అత్తింటివాళ్ళను కదిపాడు, లారీ యజమానిని పట్టుకున్నాడు, పోలీసు కాగితాలు తెచ్చాడు, పేపర్లో ప్రకటన వేయించాడు. ఖాజీ అన్నీ విని మళ్ళీ ఒక గడువు పెట్టాడు. గుడిబండెకు కబురు పెట్టమని ఆమె నాతో అనలేదు, నేనే పెట్టాను. హోటలాయన తల్లి వేరే సంబంధాలు చూస్తోంది గాని, ఆయనే ఏదో ఒక వంక పెట్టి దాటేస్తున్నాడని తెలిసింది.

గడువు తీరింది. ఎవరూ రాలేదు. అతను పోయినట్టేనని ఖాజీ తేల్చిన సాయంత్రం, సంతోషపడుతుందనుకుని నేను ఎదురింటికి పోయాను. ఆమె నేల మీద కూలబడి లారీ మనిషి కోసం గుండెలవిసేలా ఏడుస్తోంది. నన్ను చూసి, "ఇన్నేండ్లు ఏడవలేదక్కా. ఏడిస్తే నేనే ఆయన్ని చంపినట్లయితాదని ఏడవలేదు" అంది. నాకూ ఏడుపు ఆగలేదు.

భర్త పోయిన ఆడది నాలుగు నెలల పైచిలుకు ఇల్లు పట్టి ఉండాలట. అది ఆ రోజు నుంచే మొదలు. ఇంత కాచుకున్నాక మళ్ళీ కాచుకోవడమేమిటని నేను వాడి మీదికి లేస్తే, ఆమే నన్ను ఆపింది. "ఉండనీక్కా. దీనికి కడ ఉండాది గదా." మిషను ఆమె ఇంట్లోకి మార్పించాను. జాకెట్టు గుడ్డలు నేనే పట్టుకుపోయేదాన్ని. నెలలు మారేకొద్దీ ఆమె కుట్టే వేగం పెరిగింది, మాటలు పెరిగాయి. ఆ తర్వాత ఆమె గుడిబండెకు కాపురానికి పోయింది. మనిషి మాయమైన ఏళ్ళన్నీ క్యాలెండరులో గడిచాయే గాని ఆమెకు గడవలేదు. నిజంగా గడిచింది, ఏడవడానికి వీలిచ్చిన ఆ నాలుగు నెలలే.