కొలను సెట్టులోని అజొల్లా

ఏప్రిల్ పద్దెనిమిది, మంగళవారం, ఉదయం ఆరూ నలభై. అప్పుడు మొదలైంది. తొమ్మిదేళ్లుగా మోస్తున్నాను. మోయలేక చెబుతున్నానని అనుకోకండి. ఇంకా మోయగలను. కానీ ఈ బరువును ఇంకొకరి నెత్తిన కూడా పెట్టాను. అందుకే చెబుతున్నాను.

మాది ఫిల్మ్ నగర్. ఒక నిర్మాణ సంస్థ ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్లు లెక్కలు చూసి, రిటైరయ్యాక మేడ మీద కుందేళ్లు పెట్టాను. నర్సమ్మతో పొత్తు. ఆమెది రహమత్ నగర్. సినిమాల్లో జనం మధ్య నిలబడే జూనియర్ ఆర్టిస్టు. పుట్టిన పిల్లల్లో సగం ఆమెవి, సగం నావి.

ఈ ఊళ్లో గడ్డి దొరకదు, దాణా ఖరీదు. అజొల్లా పెంచుదామన్నది నేనే. నీటి మీద తేలే బుల్లి మొక్క అది. టార్పాలిన్ తొట్టిలో నీళ్లు పోసి కాస్త పేడ కలిపితే వారం పది రోజుల్లో పచ్చగా పరుచుకుంటుంది. పేడ వాసన పోయేదాకా కడిగి, నీడన కాసేపు ఆరబెట్టి, తవుడులో కలిపి పెడితే పాలు మానిన పిల్లలు ఇష్టంగా తింటాయి, చక్కగా ఎదుగుతాయి. ఇది అప్పుడూ నిజమే, ఇప్పుడూ నిజమే. నేను చేసినదానికి ఆ మొక్కను ఎవరైనా తిడితే ఊరుకోను.

నర్సమ్మకు మాత్రం నమ్మకం లేదు. "మీ తొట్టి హీరోయిన్ లెక్కుందమ్మా. జర ఎండ తగిలితే వాడిపోతది, సూడుండ్రి" అని నవ్వేది.

ఆ మంగళవారం తొట్టి మీద గుడ్డ తీసి చూస్తే అంతా గోధుమరంగుకు తిరిగి కుళ్లిపోయి ఉంది. నర్సమ్మ ఎనిమిదింటికి వస్తుంది. నువ్వన్నదే అయిందని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేకపోయాను. ఎందుకు? జీవితమంతా ఇతరుల లెక్కల్లో తప్పులు పట్టినదాన్ని, జనంలో నిలబడే మనిషి ముందు నాది తప్పని ఒప్పుకోవాలా? ఇంతకంటే మంచి కారణం ఉందేమోనని ఎన్నోసార్లు వెతికాను. లేదు.

మా వీధి చివరి స్టూడియోలో తామరకొలను సెట్టు విప్పుతున్నారు. నీటి మీద పచ్చదనానికి వాళ్లూ అజొల్లానే పరిచారని నాకు తెలుసు. రెండు బకెట్లు తీసుకుని వెళ్లాను. సెట్టు మేస్త్రీ నాకు పాత పరిచయం. "తీసుకెళ్లండమ్మా, ఎలాగూ పారబోసేదే. కాకపోతే దోమల మందు గట్టిగా కొట్టాం, రంగు కూడా కలిపాం" అన్నాడు. విన్నాను. బాగానే విన్నాను. అయిదు నీళ్లు కడిగితే పోతుందనుకున్నాను. నిజంగా అనుకున్నానా, అలా అనుకోవాలని ఆ నిమిషంలో తీర్మానించుకున్నానా?

కడిగి తెచ్చి పోశాను, ఎనిమిదింటికి తొట్టి పచ్చగా ఉంది. నర్సమ్మ తన చేతులతోనే పిల్లలకు మేత వేసింది.

బుధవారం సాయంత్రం నుంచి పిల్లలు పడిపోవడం మొదలైంది. శుక్రవారానికి పిల్లల బోన్లు ఖాళీ, అదే మేత తిన్న రెండు తల్లులూ పోయాయి. కొత్తగా ఏం పెట్టారని పశువుల డాక్టరు అడిగాడు. ఆ వారమే నర్సమ్మ యూసుఫ్‌గూడలో కూరగాయల బండి దగ్గర్నుంచి కాలీఫ్లవర్ ఆకులు తెచ్చి వేసింది. నేను నర్సమ్మ వైపు చూశాను. అంతే. ఆమే ఆకుల సంగతి చెప్పింది. వాటి మీద పురుగుల మందు ఉండి ఉంటుందన్నాడాయన. నా నోటితో నేను అబద్ధమాడలేదని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను.

డాక్టరు వెళ్లాక నర్సమ్మ మెట్ల మీద కూలబడింది.

"నేనే సంపిన గదమ్మా."

"తెలిసి చేశావా ఏంటి?"

"కడిగిన. మంచిగ కడగలేదేమో. మీయి గూడ పోయినయ్. మాఫ్ చేయుండ్రి."

"పోనీలే నర్సమ్మా."

క్షమించేశాను. ఆమె చేయని తప్పుకు నేను ఆమెను క్షమించాను. కుందేళ్లను చంపినదానికంటే ఇదే పెద్ద తప్పు. పైగా ఆ క్షణాన నా మనసు తేలికపడింది. అది రాయకపోతే ఈ ఒప్పుకోలు సగమే.

ఆమె మళ్లీ కుందేలును ముట్టలేదు. నర్సమ్మ చేయి మంచిది కాదన్న మాట బస్తీలో నిలిచిపోయింది. అయినా ఇటు షూటింగ్ పడితే మా ఇంటికి వచ్చి, చాయ్ తాగి, కబుర్లు చెప్పి వెళ్లేది. కిందటి వారం అలాగే వచ్చి, కోడలు కుందేళ్లు పెంచుతానంటే తనే వద్దన్నానని చెప్పింది. "నా చెయ్యి తగిల్తె బత్కయమ్మా" అంది, గ్లాసు కింద పెడుతూ. అప్పుడూ నోరు విప్పలేదు. మర్నాడు ఫోన్ చేసి మొత్తం చెప్పాను, మేస్త్రీ మాటతో సహా.

ఆమె చివరిదాకా వింది. తర్వాత, "గిన్నేండ్లు నాతోని కూసొని చాయ్ తాగినవ్" అంది. ఫోన్ పెట్టేసింది.

క్షమించమని ఆమెను అడగలేదు. మిమ్మల్నీ అడగడం లేదు. క్షమాపణ ఎంత సులువుగా ఇచ్చేయొచ్చో నేను ఇచ్చి చూశాను. నాకది వద్దు. చెప్పేశాను, అది చాలు. ఆ రాత్రి నిద్ర పట్టింది. పట్టినందుకు సిగ్గుపడటం లేదు.

పోయినవి ఇవి. పాలు మానిన పిల్లలు ఇరవై ఆరు, అందులో పదమూడు నర్సమ్మవి. తల్లి కుందేళ్లు రెండు. తన చేతుల మీద ఒక మనిషికి ఉన్న నమ్మకం, తొమ్మిదేళ్లు. నాకు పోయింది, నర్సమ్మ.