కిటికీల పేపరు

చనిపోయిన రోజు పొద్దున మా మామయ్య ఎప్పటిలాగే సెలూను తలుపులు తీసి, అద్దం తుడిచి, ఆ రోజు పేపరు మూడో పేజీలోంచి అరచేయంత ముక్క కత్తిరించి, తొలి గడ్డం తాలూకు నురగ దాని మీద తుడిచాడు. తర్వాత కాస్త ఆయాసంగా ఉందని, వచ్చినవాళ్ళు కూర్చునే బల్ల మీద కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు. సగం గడ్డంతో కుర్చీలో ఉన్నాయనే మాకు ఫోను చేశాడు.

కత్తికి అంటిన నురగను పేపరు ముక్క మీద తుడవడం ఏ సెలూనులోనైనా ఉన్నదే. కాకపోతే అందరూ పాత పేపర్లు వాడతారు. మా మామయ్య ఒక్కడే ఆ రోజు పేపరు వాడేవాడు. గడప దగ్గర పడి ఉన్న తాజా పేపరును నిలబడే చదివేవాడు. ఎక్కడో ఒకచోట ఆగేవాడు. కత్తెర దించేవాడు. కొన్ని రోజులు ఒక ముక్క, కొన్ని రోజులు ఐదు. మిగిలినది జనం చదువుకోవడానికి బల్ల మీద పడేసేవాడు. మా వీధిలో దాన్ని కిటికీల పేపరు అనేవారు.

"అటక నిండా పాత పేపర్లున్నాయి కదా, అవి వాడకూడదూ?" అని అత్తయ్య గొడవ పెట్టేది.

"పాతవి గరుకెక్కుతాయే. కత్తి మొద్దుబారుతుంది."

"పేపరుకి కత్తి మొద్దుబారడం ఎక్కడైనా ఉందా?"

"నువ్వు గడ్డం గీస్తావా, నేను గీస్తానా?"

ముప్ఫయ్యేళ్ళ కాపురంలో ఈయన ఎన్నో అబద్ధాలాడాడు గానీ ఇంత చేతకాని అబద్ధం ఇదొక్కటేనని అత్తయ్య అందరికీ చెప్పేది.

ఈ కిటికీల వల్ల అందరికంటే ఎక్కువ నష్టపోయింది రిటైరైన పోస్టుమాస్టరు గారు. ఇంట్లో పేపరు మాన్పించేసి, సెలూను పేపరు మీదే బతికే మనిషి.

"ఏమయ్యా, నిన్న మ్యాచ్ ఎవరు గెలిచారు?"

"పేపర్లో ఉంటుంది కదండీ."

"ఉండేది. ఇప్పుడు అందులోంచి నాకు నువ్వు కనిపిస్తున్నావు."

"వెనకవైపు సరుకు బాగాలేదండీ."

"వెనకవైపు బాగాలేకపోతే ముందువైపు ఏం పాపం చేసింది?"

"కాగితానికి రెండు వైపులుండటం నా తప్పా చెప్పండి!"

పోస్టుమాస్టరు గారు గళ్ళనుడి పూరించేవారు. గళ్ళు పేజీలో ఉండేవి, ఆధారాలు ఎవరి గడ్డం నురగలోనో ఉండేవి. ఆయన పట్టువదలక పూరించేవారు. "అడ్డం ఏడు, ఐదక్షరాలు. ఆధారం లేదు కాబట్టి నేనేం రాసినా ఒప్పే" అనేవారు.

ఇందులో నవ్వురానిది నాకొక్కదానికే. నేను ఆ పేపర్లోనే, ఆదివారం అనుబంధంలో పనిచేసేదాన్ని. చదువుకోడానికని మామయ్య ఇంటికి వచ్చి, ఉద్యోగం వచ్చాక కూడా అక్కడే ఉండిపోయాను. మా ఎడిటర్ నాకప్పగించిన శాఖ పేరు యువత. యువత ఎటు పోతోంది, ఎందుకు మాట వినదు, దేనికి బానిసైంది, అన్నీ నేను కుర్చీలోంచి లేవకుండా రాసేదాన్ని. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. నా పేరు అచ్చయిన ప్రతి ఆదివారం మురిసిపోతూ సెలూనుకు వెళ్ళేదాన్ని. నేను వెళ్ళేసరికి నా పేరు బుట్టలో, సబ్బు కింద ఉండేది.

ఒకసారి ఒళ్ళు మండి బుట్ట నేల మీద బోర్లించాను. తడి ముక్కలు ఒక్కొక్కటీ విప్పి బల్ల మీద పరిచాను. అన్నీ కుర్రకారు మీద వచ్చినవే. సగం నేను రాసినవి.

"మామయ్యా, ఏమిటిది?"

"అరె! కత్తెరకంత తెలివుందని నాకు తెలీదే."

"వేళాకోళం చాలు. నా రాతలంటే నీకెందుకంత మంట?"

మామయ్య ఎదురుగా ఉన్న కుర్చీ గిర్రున తిప్పి నన్ను కూర్చోమన్నాడు. "నిరుడు చెవుల పైన నున్నగా గీయించుకునేవాళ్ళు రౌడీ మూకలని రాశావు గుర్తుందా?"

"రౌడీలని రాయలేదు. అలా భావిస్తున్నారని రాశాను."

"ఎవరు భావిస్తున్నారు?"

"అందరూ."

"ఆ అందరూ నా సెలూనుకి రారు కాబోలు. వచ్చినవాళ్ళ సంగతి చెబుతా విను. వారం తిరక్కుండా తొమ్మిది మంది వచ్చి సరిగ్గా అదే కావాలన్నారు. అంతకుముందు నుంచీ అలాగే ఉన్నవాళ్ళు ఇద్దరొచ్చి, 'మామా, ఇంటర్వ్యూ ఉంది, మొత్తం గీసెయ్' అని బిక్కమొహం పెట్టారు. నువ్వు తిట్టావని తొమ్మిది మంది ఒకలా మారారు, ఇద్దరు ఇంకోలా మారారు. ఆ నెలంతా నా కుర్చీలో ఒక్కడంటే ఒక్కడు వాడి తలతో వాడు కూర్చోలేదే!"

"అందుకని పేపరు చింపేస్తావా?"

"చింపలేదు. శుభ్రంగా కత్తిరించాను."

"వాళ్ళు ఫోనులో చదువుకుంటారు మామయ్యా. ఏ కాలంలో ఉన్నావు?"

"వాళ్ళ ఫోను వాళ్ళిష్టం. ఈ బల్ల నాది. దీని మీద కూర్చున్న కాసేపైనా వాళ్ళనెవరూ తిట్టడానికి వీల్లేదు."

మూలనుంచి పోస్టుమాస్టరు గారు రాజీ ప్రతిపాదించారు. "అమ్మాయ్, మీ ఎడిటర్‌తో చెప్పి యువత పాడైన వార్తలన్నీ మంచాల ప్రకటనల వెనక వేయించు. మీ మామయ్య కత్తిరించుకుంటాడు, నా మ్యాచ్ నాకు దక్కుతుంది."

అందరూ నవ్వారు. నేను విసురుగా లేచి వెళ్ళిపోయాను. ఆ మధ్యాహ్నం నేను రాయడం మొదలుపెట్టిన వ్యాసం పేరు "నిద్రపోతున్న తరం".

ఫొటోగ్రాఫర్ ఒక బొమ్మ తెచ్చిచ్చాడు. పొద్దున పది గంటలకు బస్టాపులో ఒకమ్మాయి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు, ఒళ్ళోంచి జారుతున్న సంచి, నోరు తెరుచుకుని గాఢనిద్ర. ముఖం స్పష్టంగా ఉంది. ఎవరని నేను అడగలేదు. "పదైనా తెల్లారని యువత" అని కింద రాశాను. చాలా బాగా కుదిరిందని మా గదిలో అందరూ మెచ్చుకున్నారు.

ఆ అమ్మాయి, మా మామయ్య సెలూను మీది గదిలోనే తల్లితో అద్దెకుంటోంది. ఆ మెట్ల దగ్గర నాకు ఎన్నోసార్లు ఎదురుపడే ఉంటుంది. ఆసుపత్రిలో పసిపిల్లల వార్డులో రాత్రి డ్యూటీ చేసేది. ఆరు నెలలు చూసి పనిలో ఉంచేదీ లేనిదీ తేలుస్తామన్నారు. ఆ ఆరు నెలలూ నా వ్యాసం అచ్చయిన ఆదివారానికి మర్నాడు, సోమవారంతో పూర్తవుతాయి. డ్యూటీలో కునుకు తీసిన ఇద్దర్ని అప్పటికే పంపించేసిన మేట్రన్ చేతిలో ఉంది ఆ పిల్ల బతుకు. ఇయర్‌ఫోన్లలో పాటలేమీ లేవు. బస్సు తప్పిపోకుండా పెట్టుకున్న అలారం, అంతే.

ఇవన్నీ నాకు తర్వాత మామయ్య చెబితే తెలిసినవి. ఆదివారం పొద్దున్నే ఆ అమ్మాయి ఎవరో ఇచ్చిన పేపరు పట్టుకుని మెట్లు దిగిందట. ఏడవలేదట. "మామా, నేను ఇలాగే ఉంటానా?" అని అడిగిందట. జవాబు కోసం ఆగకుండా సెలూను అద్దంలో చూసుకుని, నోరు గట్టిగా మూసుకుందట.

ఆదివారం సెలూనుకు ఊపిరాడని రోజు. మామయ్య కుర్చీలో ఉన్నాయన్ని అలాగే వదిలేసి, కత్తెర జేబులో వేసుకుని వీధిలో పడ్డాడు. మేట్రన్ ఇల్లు ఎక్కడో తెలియదు, ఏ దుకాణంలో పేపరు చూస్తుందో తెలియదు. అందుకని అన్ని దుకాణాలూ తిరిగాడు. ఆ ముక్క ఇస్తే ఒక క్రాఫు ఉచితం అన్నాడు. టీ కొట్టువాడు ఒప్పుకున్నాడు. ఇస్త్రీ అతను రెండు క్రాఫులు అడిగాడు. మందుల షాపాయనకి నున్నటి బట్టతల.

"నాకెందుకయ్యా క్రాఫు?"

"మీ అబ్బాయికి చేస్తాను."

"వాడికీ వస్తోంది బట్టతల."

"అయితే ఉన్నప్పుడే తొందరగా పంపండి!"

పళ్ళ డాక్టరు దగ్గర రోగి నోరు తెరుచుకుని కూర్చుని ఉండగా, ఆ రోగి చేతిలోని పేపరును చేతిలో ఉండగానే కత్తిరించాడట. ఆయన నోరు మెదిపే స్థితిలో లేడు.

దొరికిపోయింది లైబ్రరీలో. లైబ్రేరియన్ మేడమ్ నాకు ఫోను చేసింది. వెళ్ళేసరికి మామయ్య పేపర్లు చదివే గది మధ్యలో నిలబడి ఉన్నాడు. చేతిలో కత్తెర, చొక్కా జేబులోంచి తొంగి చూస్తున్న నా వ్యాసం ముక్కలు ఎనిమిదో తొమ్మిదో. చుట్టూ జనం. అందులో ఒకాయన నన్ను చూసి, "ఆదివారం రాసేది మీరేనా? చాలా బాగా రాస్తారండీ" అన్నాడు.

"ఈయన మీ మనిషినంటున్నాడు, నిజమేనా?" అని మేడమ్ అడిగింది.

"మా వీధిలో ఉంటారు" అన్నాను.

అది అబద్ధం కాదు. మా వీధిలోనే ఉంటాడు. మా ఇంట్లో, నా పక్కగదిలో ఉంటాడు. నాకు మొదటిసారి జుట్టు కత్తిరించింది ఆయన. ఈ మిగతా వివరాలు నేను చెప్పలేదు.

మామయ్య నా వైపు ఒక్కసారి చూశాడు. "అవునండీ, ఒకే వీధివాళ్ళం. అమ్మాయి మంచిది కాబట్టి పనులు మానుకుని వచ్చింది" అని మేడమ్‌తో చెప్పి, కత్తెర బల్ల మీద పెట్టాడు. ఆవిడ ఇకముందు లైబ్రరీ గడప తొక్కొద్దంది. ఆయన తల ఊపాడు.

తిరిగొచ్చేటప్పుడు దారిపొడవునా ఆ అమ్మాయి సంగతి చెప్పాడు. నా మాట గురించి ఒక్క మాట అనలేదు. ఇంటి మలుపు దగ్గర మాత్రం ఆగి, "వచ్చే ఆదివారం తప్పు రాశామని వేస్తారా?" అని అడిగాడు.

"రేపు ఎడిటర్ని అడుగుతాను."

మర్నాడు సాయంత్రం, "అడిగాను మామయ్యా, ఒప్పుకోలేదు" అన్నాను. నేను అడగలేదు. అడిగితే ఆ వాక్యం రాసిందెవరని తేలుతుంది.

"పోన్లే. నువ్వడిగావు, అది చాలు" అన్నాడు మామయ్య.

ఆ అమ్మాయి ఉద్యోగం నిలిచింది. మేట్రన్ మా పేపరు చదవదేమోననుకున్నాను. మామయ్య తిరిగిన తిరుగుడుకు ఫలితం లేదని తేలిందని కూడా ఆయన మొహం మీదే అన్నాను. "అవునే, ఊరికే తిరిగాను" అని నవ్వాడు. యువత శాఖ ఇంకో రెండేళ్ళు నా దగ్గరే ఉంది. కిటికీలు తగ్గలేదు.

మామయ్య పోయిన వారానికి సెలూనులో సామాను సర్దడానికి వెళ్ళాను. అటక మీది పాత పేపర్లు దించుతుంటే ఆ అమ్మాయి మెట్లు దిగి వచ్చింది. ఇప్పుడు ఆ వార్డుకు తనే పెద్ద నర్సు. కట్టలు కట్టడంలో సాయం పట్టింది. కాసేపటికి, "అక్కా, మీకు నాలుగేళ్ళుగా ఒక థాంక్స్ బాకీ ఉన్నాను" అంది.

"నాకా? నేనేం చేశాను!"

"మామని మా మేట్రన్ దగ్గరికి పంపింది మీరే కదా."

"ఎప్పుడు?" అన్నాను.

"సోమవారం పొద్దున్నే వచ్చాడక్కా. ఆవిడ బల్ల మీద మీ పేపరు అదే పేజీ తెరిచి ఉంది. నన్ను అప్పుడే పిలిపించారు. మామ వచ్చి, 'ఇది రాసింది మా మేనకోడలండీ. కనుక్కోకుండా రాసేసింది. తప్పంతా తనదేనని చెప్పమని నన్ను పంపింది. తనే వచ్చేది, సిగ్గుతో మీకు మొహం చూపించలేకపోతోంది' అన్నాడు."

"ఇన్నాళ్ళూ ఒక్కసారి కూడా అనలేదేం నువ్వు?"

"మామే ఒట్టు వేయించుకున్నాడు. 'అది ఉత్త పిరికిదమ్మా, ఆ మాటెత్తితే మళ్ళీ మంచం పడుతుంది' అన్నాడు."

"మేట్రన్ నమ్మిందా?"

"మొదట నమ్మలేదు. 'నిన్న పొద్దుట్నుంచీ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదండీ' అనేసరికి కరిగిపోయింది. 'ఈ పిల్ల సంగతి నేను చూసుకుంటాను, మీరు వెళ్ళి ముందు మీ మేనకోడలి చేత అన్నం తినిపించండి' అని తరిమేసింది."

ఆ సోమవారం మధ్యాహ్నం నాకు బాగా గుర్తుంది. మామయ్య ఎప్పుడూ లేనిది అత్తయ్య చేతిలో గరిటె లాక్కుని, "తినవే, ఇంకొంచెం తిను" అంటూ నాకు మూడుసార్లు వడ్డించాడు. నేను మూడుసార్లూ తిన్నాను.