ఇడ్లీ అక్క మీద పడ్డ కామెర్లు

మా ఆయన కళ్ళు పచ్చబడిన రోజు మా అత్త అడిగిన మొదటి ప్రశ్న, బయట ఎక్కడ తిన్నాడు అని. కోవిల్‌పట్టి చుట్టుపక్కల మా తెలుగు ఇళ్ళల్లో కామెర్లొస్తే ముందు జరిగేది వైద్యం కాదు, విచారణ. ఇంటి కూటితో జబ్బు రాదు, రాకూడదు. కాబట్టి తప్పు చేసిన చెయ్యి ఒకటి బయట దొరికి తీరాలి.

దొరికింది. మా ఆయన విరుదునగర్‌లో పప్పుమిల్లులో సూపర్‌వైజరు. పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి, అక్కడి బస్టాండు బయట ఒకామె దగ్గర నాలుగు ఇడ్లీలు తినేవాడు. భర్త పోయాక ఆ తోపుడుబండి మీదే బతికేది ఆమె. మిల్లువాళ్ళందరికీ ఇడ్లీ అక్క. ఆమె ఇంటి మాటా తెలుగే కావడంతో మా ఆయనకు ఒక గరిటె చట్నీ ఎక్కువ పడేది. ఈ సంగతి ఆయనే ఇంటికొచ్చి మురిసిపోతూ చెప్పాడు. చెప్పకుండా ఉంటే బాగుండేది.

అసలు సంగతి మీద నాకు అనుమానం ఉంది. అయినా దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకున్నాను. ఎందుకు ఊరుకున్నానో చెప్పాలంటే పడకగది తలుపు తియ్యాలి.

అప్పటికి మా పెళ్ళై పదకొండేళ్ళు. నాకు ముప్పై ఐదు, ఆయనకు నలభై. ఒకరోజు ఆయన ఫోన్లో ఏదో చదివి, రెండు వారాలు నాన్చి, చివరికి అడిగాడు. నోటితో, నా వెనకవైపు. నీకు వద్దంటే వద్దు, మళ్ళీ ఎత్తను అని కూడా అన్నాడు. ముందు నవ్వాను. తర్వాత ఛీ అన్నాను. ఆ ఛీ నాలుగు రోజులకు మించి నిలవలేదు. ఆ వచ్చిన ఆదివారం మధ్యాహ్నం, అత్తామామలు మినుప చేనికి పోయాక, సరే అన్నాను.

రెండుసార్లు సబ్బు పెట్టి స్నానం చేశాను. ఆయన తొందరపడలేదు. మధ్యమధ్య ఆగి బాగుందా అని అడిగాడు. బాగుంది. దాచడమెందుకు, చాలా బాగుంది. సిగ్గుతో బిగుసుకున్న ఒళ్ళు కాసేపటికి వదులైంది, చివర్లో ఎందుకో కన్నీళ్ళొచ్చాయి. పదకొండేళ్ళ కాపురంలో నా ఒంట్లో రోతగా చూడాల్సిన చోటు ఏదీ లేదని మొదటిసారి అనిపించింది. దానికి ఈ రోజుకీ నేను సిగ్గుపడను. సిగ్గుపడేది తర్వాత చేసిన దానికి.

కొన్ని నెలలకు అరుప్పుకోట్టైలో ఒక పెళ్ళికి పోయొచ్చాక నాకు జ్వరం, వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. వారం రోజులు నేను పనిచేసే అగ్గిపెట్టెల యూనిట్ ఆఫీసుకు పోలేదు. శుక్రవారం తగ్గింది. ఆదివారం ఇల్లు ఖాళీగా ఉంది. సబ్బుతో కడుక్కుంటే చాలనుకున్నాం. కంటికి కనిపించేదే మురికి అనుకున్నాం, ఇద్దరం డిగ్రీ చదివినవాళ్ళం.

నెలకు ఆయన కళ్ళు పచ్చబడ్డాయి.

సాత్తూరు దగ్గర నాటు వైద్యుడి దగ్గరికి తీసుకుపోయారు. మూడు పొద్దులు నేల ఉసిరి నూరి మజ్జిగలో ఇచ్చాడు, ఉప్పు మాన్పించాడు. నాలుగో రోజుకు ఆయన కూర్చోలేకపోయాడు. అప్పుడు కారు మాట్లాడుకొని విరుదునగర్ ఆసుపత్రికి బయలుదేరాం. దారిలో బస్టాండు దగ్గర అత్త కారు ఆపించింది.

కామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. కామెర్లు కొడుక్కి, పచ్చగా కనిపించింది తల్లికి. నేరుగా బండి దగ్గరికి నడిచింది.

"నీ చేతి కూడే నా కొడుకు కళ్ళు పసుపు చేసె," అంది, తినేవాళ్ళందరికీ వినబడేలా.

ఇడ్లీ అక్క చేతులు చీరకు తుడుచుకుంటూ, కాచిన నీళ్ళే వాడతానని, కావాలంటే డ్రమ్ము చూడమని బతిమాలింది. తింటున్న ఒకాయన ప్లేటు కింద పెట్టేశాడు. తర్వాత ఇంకొకాయన. నేను కారులో ఆయన తల ఒళ్ళో పెట్టుకొని అంతా చూశాను. అద్దం దించే ఉంది. ఒక్క మాట అంటే వినిపించేంత దూరం. అనలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అత్తను బయట కూర్చోబెట్టి నన్ను అడిగింది. ఇంట్లో ఇంకెవరికైనా జ్వరం వచ్చిందా అని, ఆ తర్వాత అంత మామూలుగానే, మీ మధ్య నోటికీ వెనకవైపుకీ తగిలే అలవాటు ఉందా అని, తమిళంలో. తలూపాను. నా రక్తం కూడా తీయించింది. ఇదే కామెర్ల పురుగు నాకు ముందే వచ్చి, కళ్ళు పచ్చబడకుండానే పోయిందని తేలింది. మలంలో ఉండే ఈ పురుగు నోట్లోకి పోవడానికి అంతకంటే దగ్గరి దారి లేదంది.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఇద్దరికీ ఇష్టమైతే అందులో పాపమేమీ లేదంది, తెలిసి చెయ్యాలి అంతే. కడుపు చెడినా, జ్వరమొచ్చినా ఆ జోలికి పోవద్దు, తగ్గిందనిపించాక కూడా వారాల తరబడి ఆగాలి. సబ్బు మంచిదే కానీ సబ్బు ఒక్కటే చాలదు, మధ్యలో పలుచటి పొర ఉండాలి. కండోమ్‌ను కొస కత్తిరించి నిలువునా చీలిస్తే అదే పొర అవుతుందని కాగితం మడిచి చూపించింది. తిప్పి రెండోవైపు వాడకూడదు. ఆ నోరు కడుక్కోకుండా ముందువైపుకి రాకూడదు, ఆడవాళ్ళకు మూత్రంలో చీము పట్టేది అలా కూడా. నోట్లో పుండున్నా, అక్కడ మొలలున్నా, పగుళ్ళున్నా మానుకోవాలి. అంతకుముందే పళ్ళు తోముకోవద్దు, చిగుళ్ళు చిట్లుతాయి, పుక్కిలిస్తే చాలు. ఈ కామెర్లకు టీకా ఉందట. అదొక్కటీ ముందే వేయించుకొని ఉంటే ఆయన ఆ మంచం మీద ఉండేవాడు కాదు.

మూడు రోజులు ఆయన మాట తడబడింది. కాలేయం నిలబడకపోతే మదురైకి తీసుకుపోవాలని చెప్పారు. నాలుగో రోజు తేరుకున్నాడు. తెలివిగా చూసిన ఆ పొద్దే చెప్పాను.

"ఇడ్లీ అక్కది కాదు మామా. నా దగ్గర్నించే నీకొచ్చె."

గోడ వైపు తిరిగాడు. "అమ్మతో చెప్పొద్దే. చెప్తే నేను తల ఎత్తలేను."

"ఆమె అంగడి పోతా ఉండాది."

"పోతే ఇంగో చోట పెట్టుకొంటాది."

అసహ్యమేసింది ఆయన మీద. ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది కూడా, అందుకు నా మీద ఇంకా అసహ్యమేసింది.

రెండు నెలలకు ఆయన మళ్ళీ పనికి పోయేసరికి బండి అక్కడ లేదు. టీకా విషయం డాక్టరమ్మను అడిగాం. నాకూ ఆయనకూ ఈ కామెర్లు మళ్ళీ రావని, ఇంకో రకం కామెర్లకు వేయించుకోమని చెప్పింది, వేయించుకున్నాం. బీరువాలో కండోమ్ పెట్టె, చిన్న కత్తెర ఉన్నాయి. కొన్నాళ్ళకు ఆ ఆదివారాలు కూడా తిరిగొచ్చాయి, భయం లేకుండా. కానీ ప్రతిసారీ ఎక్కడో ఒకచోట ఆ కింద పెట్టిన ప్లేటు గుర్తొచ్చి ఒళ్ళు బిగుసుకునేది.

ఏడాదికి మిల్లు వాచ్‌మన్‌ను అడిగి ఆచూకీ పట్టాను. ఆమె సాత్తూరు దగ్గర టపాకాయల యూనిట్‌లో చేరిందట. ఆదివారం వెళ్ళాను. ఒంటి గది ఇల్లు. ఆ రోజు కారు అద్దంలోంచి చూసిన ముఖం గుర్తుపట్టి చాప వేసింది. వేళ్ళ సందుల్లో వెండిరంగు మందు, కడిగినా పోనిది.

నేను నోరు తెరవకముందే, "ఆయన బాగుండాడా?" అని అడిగింది. డ్రమ్ము ఆ రోజే పారేశానంది. "ఆ నీళ్ళల్లో ఏముండెనో మా. తలుచుకోని దినం లేదు. నా చేత్తోనే కదా పెడితిని."

"అక్కా, మీ చేత్తో రాలేదు. నా దగ్గర్నించే ఆయనకు అంటె. డాక్టరమ్మే చెప్పె."

"నువ్వు బాగానే ఉండావే. నీ దగ్గర్నించి ఎట్ల అంటును?"

ఎట్లా అన్నదే చెప్పాలి. దారి పొడవునా బస్సులో ఆ మాటనే పేర్చుకుంటూ వచ్చాను. ఆమె నా ముఖంలోకి చూస్తూ ఆగింది. నేను తల వంచి చాప పుల్లలు లెక్కపెట్టాను.

"నా మనసు ఆరనీ అని అంటా ఉండావు," అంది చివరికి. "మంచిదానివి మా నువ్వు."

లేచి వీధిలోకి వెళ్ళి, కొట్లోంచి పన్నీర్ సోడా సీసా ఒకటి తెచ్చింది. మూత తియ్యకుండానే చీర కొంగుతో పట్టుకొని నాకు అందించింది.

"తాగుమా. కంపెనీది. నా చెయ్యి తగల్లే."

మూత తీసి మొత్తం తాగాను. బస్సుకు వేళైందని చెప్పి వచ్చేశాను.