నోటికాడి ముద్ద

దిల్‌సుఖ్‌నగర్‌లో మేం కిరాయికున్న ఇంట్లో, ఎదురు వాటాలో గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక ఆంటీ ఉండేది. అమ్మది నల్లగొండ దగ్గర పల్లె. ఇద్దరి కూరలూ వేరు, మాటా వేరు. అయినా అమ్మకు ఆపరేషనై మలక్‌పేట దవాఖానలో ఉన్నన్నాళ్లూ క్యారేజీ మోసుకొచ్చింది ఆంటీయే. అమ్మ వద్దంటున్నా ముద్దలు కలిపి నోట్లో పెట్టేది. "ముందు తిను వదినా, తర్వాత మాట్లాడుదువు," అనేది.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం జోరు మీదున్న రోజుల్లో ఒకనాడు మా ఇంటి ముందు మెయిన్ రోడ్డు మీద వంటా వార్పు పెట్టారు. దారి మూసి, అక్కడే వండి, అక్కడే అందరూ కూర్చుని తినడం. ఎల్బీ నగర్ దాకా బస్సులు ఆగిపోయాయి. ఇంట్లో అందరికీ పెట్టాక మిగిలింది తినే అమ్మ, ఆరోజు నడిరోడ్డు మీద కూర్చుని పులిహోర కలిపింది. ఆమెను అంత సంతోషంగా నేనెప్పుడూ చూడలేదు. డిగ్రీ చదివే నేను విస్తళ్లు వేస్తూ నినాదాలిచ్చాను.

మైకులో ఒకాయన అందుకున్నాడు. "మన నోటికాడి ముద్ద గుంజుకున్నరు!"

అందరితో పాటు నేనూ అరిచాను. తలెత్తితే మా మేడ మీద, పిట్టగోడ దగ్గర ఆంటీ.

అమ్మ కూడా చూసింది. ఒక విస్తట్లో పులిహోర పెట్టి నా చేతికిచ్చింది.

"ఉరికి పోయి ఇచ్చిరా. గా మాట ఆమెను కాదని చెప్పు."

తలుపు తీసిన ఆంటీ విస్తరి అందుకోలేదు.

"నువ్వూ అరిచావు కదమ్మా. మేం లాక్కున్నామా ఆ ముద్ద?"

"మిమ్మల్ని కాదాంటీ..."

"మరెవర్ని?"

ఉద్యోగాల గురించి, నీళ్ల గురించి కాలేజీలో గంటలు మాట్లాడేదాన్ని. అక్కడ విస్తరినే ఇంకాస్త ముందుకు చాపాను.

"ఆకలి లేదని చెప్పు మీ అమ్మకి," అని మెల్లగా తలుపు వేసింది.

విస్తరి మెట్ల మీదే వదిలేసి దిగాను.

"తిన్నదా?" అమ్మ ఆత్రంగా అడిగింది.

"తిన్నది," అన్నాను.

సాయంత్రం ఇంటికొస్తూ అమ్మ మెట్ల మీద చీమలు పట్టిన విస్తరి చూసింది. ఎత్తి పారేసి, మెట్లు కడిగింది.

ఆ తర్వాత కూడా ఇద్దరూ నల్లా దగ్గర మాట్లాడుకునేవారు. గిన్నెలు మాత్రం అటూ ఇటూ తిరగలేదు. కొన్ని నెలలకు ఆంటీ వాళ్లకు బదిలీ అయింది. సామాను ఎక్కించే రోజు అమ్మ తెల్లారే లేచి వంట చేసింది.

"జర తిని పోరాదు వదినా," అంది.

"దారిలో తింటాంలే వదినా, లేటవుతోంది."

అమ్మ మళ్లీ అడగలేదు.