తాళం వేసిన తలుపుల వెనక

మంగళవారం మధ్యాహ్నం రెండున్నరకి గురుగ్రామ్‌లో మెట్రో ఎక్కాను. ఆఫీసుకి ఒక పూట సెలవు పెట్టాను. జనక్‌పురిలో నేను చేసిన తప్పొకటి దిద్దుకోవాలి.

భూకంపం వస్తే ఏ భవనానికి ఎంత ముప్పు, ఏ గదిలో ఏ వేళ ఎవరుంటారు అని చూసి రాయడం నా ఉద్యోగం. పోయిన ఏడాది అక్కడొక నాలుగంతస్తుల పాత భవనం చూశాను. తెలుగు నర్సులు ఎక్కువగా ఉండే చోటు. పగలు పదకొండింటికి వెళ్తే మూడో అంతస్తు తలుపులన్నిటికీ తాళాలు. ఎవరినీ అడగలేదు. 'పగలు ఖాళీ' అని రాసి, భోజనం వేళకి ఆఫీసుకి చేరుకున్నాను.

పోయిన నెల ఒక మధ్యాహ్నం భూమి కాస్త ఊగింది. భవనంలోవాళ్లు ఏ గదిలో ఎవరుంటారో నేను రాసిచ్చిన కాగితం పట్టుకుని తలుపులు కొట్టారు. మూడో అంతస్తుకి మాత్రం ఎవరూ వెళ్లలేదు. అక్కడ కరుణ అనే నర్సు నైట్ డ్యూటీ చేసి వచ్చి పడుకుని ఉంది. ఎవరూ బెల్ కొట్టి లేపకుండా, గదిలో ఉండే స్నేహితురాలు బయట తాళం వేసి పనికి వెళ్లింది. అక్కడ అందరూ అలాగే చేస్తారట. కింది వాటాలో ఉండే రిటైర్డ్ నర్సు సుగుణ ఆంటీ ఫోన్లో చెప్పింది. తిట్టలేదు. "నాలుగింటికి రా బాబూ, నైట్ డ్యూటీ పిల్లలు అప్పటికి లేస్తారు" అంది.

హౌజ్ ఖాస్‌లో లైను మారాను. పక్కన కూర్చున్న పెద్దావిడ నా ఒళ్లో ఫారాలు చూసి, "జనాభా లెక్కలా బేటా?" అని హిందీలో అడిగింది.

"కాదు ఆంటీజీ, పోయినసారి వదిలేసినవాళ్లని రాసుకోవడానికి."

"అచ్ఛా! వాళ్లు కోప్పడరూ?"

ఫారాలు మడిచి సంచిలో పెట్టుకున్నాను.

జనక్‌పురి వెస్ట్‌లో దిగి ఈ-రిక్షాలో నాలుగింటికి చేరాను. ఆంటీ నన్ను పైకి తీసుకెళ్లింది. కరుణ తడిజుట్టుకి తువ్వాలు చుట్టుకుని తలుపు తీసింది. నేను క్షమాపణ మొదలుపెట్టేలోపే, "ముందు కూర్చోండి. పోయిన ఏడాది మీరు తలుపు కొట్టుంటే తిట్టి పంపేదాన్నండి" అంది.

"దీని మాటలకేం గానీ, ఆ పూట కిటికీ ఊచలు పట్టుకుని ఏడ్చింది బాబూ" అంది ఆంటీ.

కరుణ టీ గిన్నె వైపు తిరిగిపోయింది. "అరుద్దామంటే గొంతు రాలేదండి. కింద అందరూ ఒకళ్లనొకళ్లు పేరు పెట్టి పిలుచుకుంటున్నారు. నా పేరు ఎవరూ పిలవలేదు."

టీలో పంచదార బాగా ఎక్కువైంది. అయినా గ్లాసు ఖాళీ చేశాను.

ఆరున్నర దాకా ప్రతి గదిలో అడిగాను. ఆరు తాళాల వెనక పగటిపూట నలుగురు పడుకుంటున్నారు. ఇకనుంచి లోపలే గడియ పెట్టుకుని, బెల్ స్విచ్ ఆపేస్తామన్నారు. ఎవరు ఏ వారం నైట్ డ్యూటీయో ఆంటీ గోడమీద రాసి పెడుతుంది.

కరుణ ఆస్పత్రి కరోల్ బాగ్ వైపు. డ్యూటీకి బయల్దేరితే స్టేషన్ దాకా కలిసి నడిచాం. మెట్ల దగ్గర ఆగి, "రేపు పదకొండింటికి నేనెక్కడుంటానో చెప్పండి చూద్దాం" అంది.

"మూడో అంతస్తులో, కిటికీ పక్క మంచం మీద, నిద్రలో."

"ఠీక్ హై, పాస్" అని నవ్వి బ్లూ లైను వైపు వెళ్లిపోయింది.

తిరుగు రైల్లో 'పగలు ఖాళీ' కొట్టేసి నాలుగు పేర్లు రాశాను. ఏడాది కిందట నేను ఒక్క మనిషిని అడిగినా సరిపోయేది.

మీలో ఎవరైనా ఆ భవనానికి వెళ్తే, మూడో అంతస్తు మెట్లు మెల్లగా ఎక్కండి. పగలు అక్కడ మనుషులు పడుకుంటారు.